పాలు చాలవన్న మాట

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో బిడ్డకు చనుబాలు ఇవ్వనంటే ఇవ్వనని తల్లి భీష్మించుకున్న ఇల్లు వెతికినా దొరకదు. అయినా పుట్టినప్పుడు బొద్దుగా ఉన్న బిడ్డ ఏడాది నిండేసరికి వయసుకు తగిన బరువును, రెండేళ్లు నిండేసరికి వయసుకు తగిన ఎత్తును అందుకోలేకపోవడం ఈ పల్లెల్లో కొత్త సంగతి కాదు. 2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి, ఆరు నెలల లోపు శిశువుల్లో 68 శాతం మంది తల్లిపాలు తప్ప మరేమీ తాగడం లేదు. కానీ ఐదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది గిడసబారి ఉన్నారు. గిడసబారడం అంటే వయసుకు తగిన ఎత్తు లేకపోవడం: రెండేళ్ల మగబిడ్డ నిలువెత్తు సుమారు 87 సెంటీమీటర్లు ఉండవలసి ఉండగా, 81 సెంటీమీటర్లకు కూడా చేరకపోతే ఆ బిడ్డను ఈ లెక్కలో చేరుస్తారు. అంతకు నాలుగేళ్ల ముందు జరిగిన సర్వేలో ఈ సంఖ్య 31.4 శాతం, అంటే మధ్యలో ఎన్ని పథకాలు వచ్చినా అది దాదాపుగా కదలలేదు.

దీనికి ఇళ్లలో వినిపించే సమాధానం ఒక్కటే, తల్లికి పాలు చాలలేదని. ఈ తీర్పు పురిటి గదిలో ఒకసారి, మూడో నెలలో ఒకసారి, ఎండాకాలంలో మరోసారి, తల్లి కూలికి బయలుదేరేటప్పుడు ఇంకోసారి వెలువడుతుంది. ఈ నాలుగు సందర్భాల్లోనూ అది చాలా వరకు నిజం కాదు. ఆరు నెలలు నిండాక తల్లిపాలు ఒక్కటే నిజంగా చాలని రోజు వస్తుంది, ఆ రోజు మాత్రం ఆ మాట పలికేవారు తక్కువ. పిల్లల ఎదుగుదలలో జరుగుతున్న నష్టంలో పెద్ద భాగం ఈ తారుమారులోనే ఉంది.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయింది; అంతవరకు కర్నూలు జిల్లాలో భాగం కాబట్టి పై సర్వే దీనిని కర్నూలు లెక్కలోనే చూసింది. ఒకవైపు నల్లమల అడవి, మధ్యలో కుందూ నది, కె.సి. కెనాల్ కింద వరి మడులు, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ వైపు శనగ పండే నల్లరేగళ్లు, ఊరూరా పత్తి ఉన్న ఈ సీమను తిండిగింజలకు మొహం వాచిన ప్రాంతమని ఎవరూ అనరు. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం వరికి, పత్తికి, శనగకు మాత్రమే కాక కొర్రకు కూడా మేలైన రకాలను అందించింది. గింజ ఇంత దగ్గరగా ఉన్నా అది బిడ్డ నోటికి అందవలసిన వయసులో, అందవలసిన రూపంలో అందకపోవడమే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

తొలి మూడు రోజులు

కాన్పయ్యాక మొదటి రెండు మూడు రోజులు రొమ్ము నుంచి వచ్చే చిక్కని, పసుపు ఛాయ గల పాలను ముర్రుపాలు అంటారు. ఇవి చెంచాల కొద్దీ మాత్రమే వస్తాయి. పుట్టిన రోజున బిడ్డ కడుపులో పట్టేది కూడా ఇంచుమించు అంతే. ఆ కొద్దిపాటి ముర్రుపాలలో పేగుల లోపలి పొరకు కాపుగా నిలిచే రోగనిరోధక ప్రోటీన్లు, విటమిన్ ఎ దట్టంగా ఉంటాయి. మాయ పడిపోయిన తర్వాత తల్లి రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను తగ్గడం వల్ల రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య రొమ్ములు బరువెక్కి పాలు ధారాళంగా వస్తాయి, దానినే ఇళ్లలో పాలు పడ్డాయని చెబుతారు. ఈ లోపల బిడ్డ బరువు ఏడు నుంచి పది శాతం వరకు తగ్గడం, రెండు వారాలు తిరిగేసరికి ఆ బరువు తిరిగి రావడం ప్రకృతి సహజం. కానీ ముర్రుపాలు చాలా కొంచెమే కనబడటం, బిడ్డ ఏడవడం, బరువు కాస్త తగ్గడం, ఈ మూడూ ఒకేసారి ఎదురైనప్పుడు పెద్దవాళ్లకు కంగారు పుడుతుంది; తేనె నాకించడం, చక్కెర నీళ్లు పట్టడం, చివరకు డబ్బాపాలు తెప్పించడం ఆ కంగారులో జరిగే పనులే.

పాలు తయారయ్యే తీరు తెలిస్తే ఇందులోని ప్రమాదం అర్థమవుతుంది. బిడ్డ చప్పరించినప్పుడు తల్లి మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి రెండు హార్మోన్లు విడుదలవుతాయి: ప్రొలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ తయారైన పాలను ముందుకు తోస్తుంది. ఆవు చేపుకొచ్చిందని పాడి తెలిసినవారు చెప్పేది ఈ రెండో పనినే. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత త్వరగా నిండుతుంది. నిండుగా ఉండిపోతే తయారీ నెమ్మదిస్తుంది. కాబట్టి చక్కెర నీళ్లతో కడుపు నింపిన ప్రతిసారీ బిడ్డ రొమ్మును అంత తక్కువగా చప్పరిస్తుంది, పాలు అంత తక్కువగా తయారవుతాయి. పాలు లేవన్న అనుమానంతో చేసిన పనే పాలు తగ్గిస్తుంది.

ఆసుపత్రిలో కాన్పు జరిగినంత మాత్రాన ఈ చిక్కు తీరదని దేశవ్యాప్త అంకెలు చెబుతున్నాయి. 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగిన దేశంలో పుట్టిన గంటలోపు రొమ్ము అందుకున్న పిల్లలు 41.8 శాతం మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. శస్త్రచికిత్స తర్వాత తల్లి ఒక గదిలో, బిడ్డ బంధువుల చేతుల్లో ఉండే ఆ మొదటి గంటలు ఊరికే జారిపోతాయి. వెన్నులో మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది కనుక ఆపరేషన్ బల్ల మీదే బిడ్డను ఆమె ఎదపై పడుకోబెట్టడానికి వైద్యపరమైన ఆటంకం సాధారణంగా ఉండదు. కావలసిందల్లా ఆ పని తనదే అనుకునే ఒక నర్సు. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైన నంద్యాల వంటి పట్టణంలో ఇది కోరరాని కోరిక కాదు.

మూడో నెల, ఒక తప్పు కొలబద్ద

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం మగబిడ్డ మధ్యస్థ బరువు పుట్టినప్పుడు 3.3 కిలోలు, మూడు నెలలకు 6.4, ఆరు నెలలకు 7.9, ఏడాదికి 9.6 కిలోలు. ఈ అంకెలను వరుసగా చూస్తే మొదటి మూడు నెలల్లో బిడ్డ మూడు కిలోలకు పైగా పెరిగి, తర్వాతి మూడు నెలల్లో ఒకటిన్నర కిలో మాత్రమే పెరుగుతుందని, ఆ తర్వాతి ఆరు నెలలకు కలిపి వచ్చేది 1.7 కిలోలేనని తెలుస్తుంది. మూడో నెల దాటాక వేగం తగ్గడం పిల్లల ఎదుగుదల స్వభావం. అదే వయసులో రొమ్ములు కూడా మునుపటిలా గట్టిపడకుండా మెత్తగా ఉండటం మొదలవుతుంది, ఎందుకంటే బిడ్డ అవసరానికి సరిపడా పాలు తయారు చేయడం శరీరానికి అప్పటికి అలవాటవుతుంది. రెండూ కలిసి పాలు ఎండిపోతున్నాయనే అభిప్రాయాన్ని కలిగిస్తాయి.

ఈ అభిప్రాయానికి ఒకప్పుడు శాస్త్రం పేరిట కూడా బలం చేకూరింది. 2006 వరకు ప్రపంచమంతటా వాడిన ఎదుగుదల పట్టిక 1977లో అమెరికాలో తయారైంది. అందులోని శిశువుల కొలతలు ప్రధానంగా ఒహాయో రాష్ట్రంలో సేకరించినవి, ఆ పిల్లల్లో ఎక్కువమంది పోతపాలు, అంటే తల్లిపాలకు బదులు సీసాతో పట్టే పాలు తాగి పెరిగినవారు. పోతపాల బిడ్డ మూడో నెల తర్వాత తల్లిపాల బిడ్డ కంటే వేగంగా బరువెక్కుతుంది కాబట్టి ఆ పట్టికలోని గీతతో పోల్చి చూసినప్పుడు ఆరోగ్యంగా పెరుగుతున్న తల్లిపాల బిడ్డ కూడా వెనుకబడినట్లే కనబడేది. పేద దేశాల్లో ఎంతోమంది తల్లులకు, పాలు చాలడం లేదు, పైపాలు మొదలుపెట్టమని సలహా అందడానికి ఆ గీత కూడా ఒక కారణం. 1997–2003 మధ్య బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో తల్లిపాలు తాగిన సుమారు 8,500 మంది పిల్లలను కొలిచి కొత్త ప్రమాణాలను రూపొందించారు. భారతదేశం తరఫున దక్షిణ ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. పొగ తాగని తల్లి, శుభ్రమైన ఇల్లు, తగిన పోషణ ఉంటే ఆరు దేశాల పిల్లలూ దాదాపు ఒకే తీరున పొడవు పెరిగారని అప్పుడు తేలింది. మన పిల్లలు పుట్టుకతోనే పొట్టి అన్న వాదనకు ఇంతకంటే సూటి జవాబు అక్కరలేదు.

తక్కువ తిన్న తల్లి పాలలో బలం ఉండదన్న నమ్మకాన్ని పరీక్షించిన వారిలో తొలివరుసలో నిలిచే పేరు డాక్టర్ సి.గోపాలన్. ఆయన 1950ల్లో పేద తల్లుల పాలను పరిశీలించి, పరిమాణం కొంత తగ్గినా ప్రోటీన్ పెద్దగా తగ్గదని గుర్తించారు. కూనూరులో ఆయన పనిచేసిన పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది. గోపాలన్ పరిశీలన ప్రకారం తల్లి శరీరం తన కండను కరిగించుకొని బిడ్డ వాటా నిలుపుతుందన్నమాట. అయితే విటమిన్ల విషయంలో ఈ ఔదార్యం సాగదు. 1941లో ఎక్రాయిడ్, కృష్ణన్ ప్రచురించిన అధ్యయనం మద్రాసు రాజధానిలో బెరిబెరి జబ్బు ఉన్న ప్రాంతంలో, అంటే ఉత్తర సర్కారు తెలుగు జిల్లాల్లో, నెలల పసికందుల మరణాలను పరిశీలించింది. మరపట్టిన తెల్లబియ్యంతోనే బతికే తల్లుల పాలలో థయమిన్ అనే బి-విటమిన్ కొరవడటం అక్కడి శిశువుల బెరిబెరికి మూలం. బాలింతకు పథ్యం పేరిట పప్పు, కూర, పండు మాన్పించి వెల్లుల్లి కారంతో తెల్లన్నం మాత్రమే పెట్టే ఇళ్లు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతుంటే, ఆమె కంచంలోంచే తీసివేయడం ఏ వైద్యమూ కాదు.

ఎండ, కూలి

వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్లలో నంద్యాల ఒకటి. అంత ఎండలో పాలతోనే బిడ్డ దాహం తీరదని పెద్దలు అనుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. కానీ తల్లిపాలలో 88 శాతం నీరే. 1990లో ఆల్మ్‌రోత్, బిడింగర్ అనే పరిశోధకులు భారతదేశపు వేడి, పొడి వాతావరణంలో తల్లిపాలు మాత్రమే తాగే శిశువుల మూత్రం చిక్కదనాన్ని పరీక్షించి, వారికి విడిగా నీళ్లు పట్టవలసిన అవసరం లేదని నిర్ధారించారు. బిడ్డ రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తుంటే నీరు చాలినట్లే. ఈ గుర్తును ఏ అమ్మమ్మ అయినా చూసుకోగలదు. నీళ్లు కావలసింది తల్లికి. ఆమెకు నీళ్లు తగ్గించే బాలింత ఆచారమూ, బిడ్డకు నీళ్లు పట్టే వేసవి ఆచారమూ ఒకే ఇంట్లో కలవడం చాలా బాధాకరం. ఆ నీళ్లు కలుషితమైతే వచ్చే విరేచనాలు ఎంత ప్రాణాంతకమో బ్రెజిల్ దక్షిణ ప్రాంతంలో విక్టోరా బృందం 1987లో చూపింది: తల్లిపాలు పూర్తిగా మానిన శిశువులు విరేచనాలతో చనిపోయే ముప్పు, తల్లిపాలే తాగే శిశువుల కంటే 14 రెట్లు ఎక్కువగా ఉంది.

కూలి సమస్య ఇంకా లోతైనది, దానిని సలహాలతో తీర్చలేము. నంద్యాల చుట్టుపక్కల విత్తన పత్తి సాగు విస్తారం. సంకర విత్తనం కోసం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే వరకు, మర్నాడు విచ్చుకోబోయే ఆడ మొక్కల మొగ్గలను ఒక్కొక్కటిగా వెతికి, కేసరాలను గోటితో గీరి తీసేయాలి. తెల్లవారాక మగ మొక్కల పూలు కోసుకొచ్చి వాటి పుప్పొడిని ఆ మొగ్గలకు అద్దాలి. ఒక్క రోజు తప్పినా ఆ పూత పోయినట్లే కనుక వారాల తరబడి ఇది ఆగదు, ఈ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, ఆడపిల్లలు. బాలింత ఈ పనికి వెళ్తే బిడ్డ రొమ్ముకు దూరమయ్యే గంటలు రోజుకు రెండు విడతలు. నిండిన రొమ్ము నిండినట్లే ఉండి, వారం తిరిగేసరికి పాలు నిజంగానే తగ్గుతాయి. తక్కువైంది తల్లి సామర్థ్యం కాదు, ఆమె చేతిలోని సమయం.

చట్టం 2017 నుంచి ఉద్యోగినికి 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇస్తోంది. అదే సంవత్సరం మొదలైన మాతృ వందన పథకం మొదటి కాన్పుకు ఇచ్చేది 5,000 రూపాయలు. 2024–25లో ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన ఈ సాయం పదిహేడు రోజుల కూలికి సమానం. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలని గోడల మీద రాయించే ప్రభుత్వం ఆ ఆరు నెలల్లో పదిహేడు రోజులకు మాత్రమే పూచీపడుతోంది. ఉపాధి హామీ చట్టం 2005లో ఒక మంచి నిబంధన రాసుకుంది: పని చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి వస్తే, కూలీల్లో ఒకరిని వారి ఆలనకు నియమించి ఆమెకూ కూలి చెల్లించాలి. చేను గట్టున చెట్టు నీడ, ఒక ఆయమ్మ, ఊయల ఉంటే తల్లి రెండు గంటలకొకసారి వచ్చి పాలిచ్చి వెళ్లగలదు. ప్రైవేటు విత్తన చేలకు ఆ మాత్రం నిబంధన కూడా లేదు.

అదీ కుదరని ఇంట్లో పాలు పిండి ఉంచడమే మార్గం. చేతులు కడుక్కొని, మరిగించిన స్టీలు గిన్నెలోకి పిండిన పాలు మూతపెట్టి చల్లని చోట ఉంచితే మామూలు గది వేడిలో నాలుగు గంటల వరకు నిలుస్తాయి. అవ్వ వాటిని చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టవచ్చు. ఉగ్గుగిన్నెను లోపలిదాకా రుద్ది కడగవచ్చు, పాలసీసా రబ్బరు పీకను అలా కడగలేము. ఈ ఒక్క తేడా ఎన్నో విరేచనాలను ఆపుతుంది. పాలసీసా, డబ్బాపాల అమ్మకాలపై ప్రపంచం సాగించిన పోరాటం చిన్నది కాదు: 1939లోనే సింగపూర్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ డబ్బాపాల ప్రచారాన్ని హత్యతో సమానమన్నారు, 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన నియమావళికి అమెరికా ఒక్కటే వ్యతిరేకంగా ఓటు వేసింది, 1992లో భారత పార్లమెంటు చేసిన చట్టం డబ్బాపాలు, పాలసీసాల ప్రకటనలను పూర్తిగా నిషేధించింది. ప్రకటన ఆగింది గానీ మందుల దుకాణంలో డబ్బా ఆగలేదు, కూలి తల్లికి ప్రత్యామ్నాయం చూపనంత కాలం అది ఆగదు.

ఆరు నెలల తర్వాత

తల్లిపాలు బిడ్డ ప్రాణాన్ని నిలబెడతాయి, కానీ ఎత్తును అవి ఒక్కటే తెచ్చిపెట్టవు. ఈ నిజాన్ని ప్రచారాల్లో దాచకుండా చెప్పాలి. హర్యానాలో భండారీ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఊరి ఆరోగ్య కార్యకర్తల ప్రోత్సాహంతో మూడో నెలలో తల్లిపాలు మాత్రమే తాగే శిశువులు 48 శాతానికి బదులు 79 శాతం అయ్యారు, విరేచనాలు తగ్గాయి, అయినా బరువు, పొడవుల్లో తేడా రాలేదు. ఇటు హోండూరస్‌లో నాలుగో నెల నుంచే శుభ్రమైన ఘనాహారం పెట్టి చూస్తే, పిల్లలు ఆ మేరకు తల్లిపాలు తగ్గించుకున్నారు తప్ప అదనంగా పెరగలేదు. తొందరపడి ముందే పెట్టడం వల్ల లాభం లేదు. ఆరు నెలల తర్వాత ఆలస్యం చేస్తే మాత్రం నష్టం ఖాయం.

ఆరో నెల నుంచి ఎనిమిదో నెల వరకు తల్లిపాలు కాక రోజుకు సుమారు 200 కేలరీలు, పదకొండో నెల వరకు 300, ఆపైన రెండేళ్ల వరకు 550 తిండి నుంచి రావాలి. ఇనుము కొరత అంతకంటే తీవ్రం: పుట్టుకతో తెచ్చుకున్న నిల్వ ఆరు నెలలకు కరిగిపోతుంది, తల్లిపాలలో ఇనుము బహు తక్కువ. దేశంలో ఆరు నుంచి ఇరవైమూడు నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవారు 11.3 శాతమే అన్న సర్వే ఫలితం గిడసబారిన పిల్లల అంకెకు పక్కనే నిలబడి దాని కారణం చెబుతోంది.

ఆళ్లగడ్డ ఇళ్లలో అన్నప్రాసన ఘనంగానే జరుగుతుంది. మర్నాటి నుంచి బిడ్డకు అందేది మాత్రం తరచు పలచటి జావ, పప్పు మీది తేట, టీలో ముంచిన బిస్కెట్టు. ఏడు కిలోల బిడ్డ కడుపులో ఒక విడతకు పట్టేది సుమారు రెండు వందల గ్రాములు. అందులో ఎక్కువ భాగం నీళ్లే అయితే రోజుకు నాలుగుసార్లు తినిపించినా కేలరీలు సరిపోవు. గట్టిగా వండితే బిడ్డ మింగలేదని తల్లులు అనడం కూడా నిజమే. దీనికి బరోడాలో తారా గోపాల్‌దాస్ పరిశోధనలు బలపరిచిన ఒక చవకైన ఉపాయం ఉంది: రాగులనో కొర్రలనో నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి విసిరిన పిండిని చెంచాడు తీసుకొని, విడిగా వండిన గట్టి జావ గోరువెచ్చగా ఉన్నప్పుడు అందులో కలిపితే, మొలకలోని అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టి గట్టి జావను నిమిషాల్లో జారుగా చేస్తుంది, నీళ్లు కలపకుండానే పలచబడుతుంది కాబట్టి బలం తగ్గదు. అందులో వేయించిన శనగపప్పు పొడి, వేరుశనగ ముద్ద, కాస్త నూనె, ఒక పూట గుడ్డు చేరితే అది ఈ నేల పండించే దానితోనే కుదిరే తిండి. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం కూడా గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెరలతో తయారైనదే. అయితే ఆ పొట్లం ఇంట్లోని పిల్లలందరికీ పంచిపెట్టేసరికి ఎవరి కోసం వచ్చిందో ఆ బిడ్డ వాటా కరిగిపోతుంది.

తినిపించే తీరు కూడా తిండిలో భాగమే. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లాలోని 60 గ్రామాల్లో మూడో నెల నుంచి పదిహేనో నెల వరకు శిశువులను అనుసరించి, కొన్ని ఊళ్ల తల్లులకు ఏం పెట్టాలో మాత్రమే, మరికొన్ని ఊళ్ల తల్లులకు దానితో పాటు బిడ్డ ఆకలి సైగలను గమనించి, మాట్లాడుతూ, ఆడిస్తూ తినిపించడాన్నీ నేర్పారు. రెండో ఊళ్ల పిల్లలు మానసిక వికాస పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. రంగారెడ్డి జిల్లాలోని 29 గ్రామాల్లో 1987–90 మధ్య జరిగిన మరో ప్రయోగంలో గర్భిణులకు, చిన్నపిల్లలకు పోషకాహారం అందిన ఊళ్లలోని పిల్లలు కౌమారానికి వచ్చేసరికి మిగతా ఊళ్ల పిల్లల కంటే 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. ఆ పద్నాలుగు మిల్లీమీటర్లను కొద్దిపాటివని తీసిపారేయకూడదు, ఎందుకంటే వారి రక్తనాళాల సాగుదల, ఇన్సులిన్ పనితీరు కూడా మెరుగ్గా ఉన్నాయి.

బిడ్డ పొడవులో కొంత భాగం పుట్టక ముందే నిర్ణయమవుతుందన్నది కూడా మరువరానిది. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండక ముందే పెళ్లయింది, స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంకా ఎదుగుతున్న అమ్మాయి గర్భవతి అయితే తినే కొద్దిపాటి తిండికి తల్లీ బిడ్డా పోటీ పడతారు. విత్తన పత్తి చేలలో వంగి పనిచేసే ఆడపిల్లలే మరికొన్నేళ్లలో ఈ తల్లులు.

ఆశా కార్యకర్త పుట్టిన మూడో రోజు నుంచి నలభైరెండో రోజు వరకు ఆరుసార్లు, 2018 నుంచి అమలవుతున్న ఏర్పాటు ప్రకారం ఆ తర్వాత మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు మరో ఐదుసార్లు ఇంటికి రావాలి. వీటిలో మూడో నెల రాకలో బిడ్డ బరువు గీత తన దారిలోనే నడుస్తోందని ఎదుగుదల కార్డు విప్పి చూపి, పాలు చాలుతున్నాయని తల్లికీ అవ్వకూ కలిపి చెప్పవలసి ఉంటుంది. ఆరో నెల రాకలో కార్డుతో పని అయిపోదు. పొయ్యి దగ్గర కూర్చొని, ఆ ఇంట్లో ఉన్న గింజతోనే గరిటె జారని జావ వండించి, బిడ్డ ఎన్ని చెంచాలు తిన్నదో చూసి వెళ్లవలసి ఉంటుంది. ఒక్కో ఇంటికి గంట పట్టే ఆ పనికి తగినంత సమయం, తగిన పారితోషికం ఆమెకు ఇవ్వవలసింది ప్రభుత్వం.